చెడిన ఫైళ్లు: సి భాషలో హద్దుల పరిశీలన

సి భాష శ్రేణుల హద్దులను తనంతట తాను పరిశీలించదు. ఫైలులో వ్రాసి ఉన్న పొడవును నమ్మి చదివే ప్రోగ్రాం హద్దు దాటితే ఆగిపోవచ్చు. ఆగకపోతే పక్కనున్న మెమరీలోని సమాచారం బయటపడవచ్చు. 2014లో వెల్లడైన హార్ట్‌బ్లీడ్ లోపం ఈ కోవకు చెందినదే. అవతలి కంప్యూటరు తెలిపిన పొడవును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సరిచూడనందున, ఒక్కొక్క అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు మెమరీ బయటకు పోయే వీలు కలిగింది.

పిఎన్‌జి చిత్రంలో 8 బైట్ల గుర్తు తరువాత ఖండాలు వరుసగా ఉంటాయి. ప్రతి ఖండంలో 4 బైట్ల పొడవు, 4 బైట్ల రకం, దత్తాంశం, 4 బైట్ల సిఆర్‌సి ఉంటాయి. సిఆర్‌సి లెక్కలో రకం, దత్తాంశం మాత్రమే చేరుతాయి, పొడవు చేరదు. కనుక పొడవును విడిగా పరీక్షించక తప్పదు.

పరీక్షలోనూ ఒక చిక్కు ఉంది. ఫైలు 100 బైట్లు, చదివినది 60 అనుకుందాం. చెడిన పొడవు 4294967290 అయితే, 32 బిట్ల గుర్తులేని సంఖ్యలలో రెంటి మొత్తం చుట్టు తిరిగి 54 అవుతుంది. 100 కంటె తక్కువే కనుక పరీక్ష నెగ్గుతుంది. అందుచేత కూడిక పనికిరాదు. 100 నుండి 60 తీసివేసి, మిగిలిన 40తో పొడవును పోల్చాలి. చదివిన స్థానం ఎన్నడూ మొత్తాన్ని మించకుండా చూచుకుంటే ఈ తీసివేత సురక్షితం.

ఎఫ్‌రీడ్ నిజంగా ఎంత చదివిందో దాని ఫలితాన్ని చూచి తెలుసుకోవాలి. జిసిసి, క్లాంగ్ కంపైలర్లలోని అడ్రస్ శానిటైజర్‌తో, కావాలని చెడగొట్టిన ఫైళ్లనిచ్చి పరీక్షిస్తే మిగిలిన లోపాలు చాలావరకు బయటపడతాయి.