తాత మరిచిపోయిన ఉర్దూ

మా తాత చిన్నప్పుడు మూడేళ్లు బడికి పోయాడు. అది నిజాం కాలం, ఆసిఫాబాద్ ప్రాంతం. ఇంట్లో గోండి, సంతలో కొంత మరాఠీ, కొంత తెలుగు, బడిలో ఉర్దూ. నేను అడిగే వయసుకు ఆయనకు ఆ ఉర్దూలో మిగిలింది రెండే: తన పేరు రాయడం, ఏక్ నుంచి బీస్ దాకా లెక్క. వాళ్ల నాన్న పేరిట ఇచ్చిన లావుణి పట్టా ఇనుప పెట్టెలో ఉండేది. దాన్ని మాత్రం చదవలేకపోయేవాడు. "అప్పుడు వచ్చేది బిడ్డా, ఇప్పుడు పోయింది" అనేవాడు.

ఎందుకు పోయింది? హైదరాబాద్ సంస్థానంలో 1884లో పారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. తహసీలు, కోర్టు, ఠాణా అన్నీ ఉర్దూలోనే నడిచేవి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ మా ప్రాంతానికి వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. పిల్లలు ముందు తమ మాటలోనే చదవడం నేర్చుకోవాలన్నది ఆ ఆలోచన. మా తాత గూడేనికి ఆ బడి రాలేదు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కచేరీలోకి తెలుగు వచ్చింది. తాతతో ఉర్దూ మాట్లాడేవారు గూడెంలో లేరు, చదవడానికి పుస్తకం లేదు.

అమెరికాలో హ్యారీ బారిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, బడిలో స్పానిష్ నేర్చుకున్న ఏడు వందల మందికి పైగా పరీక్షించి 1984లో ఫలితాలు ప్రకటించాడు. మరుపు మొదటి మూడు నుంచి ఆరేళ్లలోనే ఎక్కువ. ఆ తర్వాత మిగిలింది పాతికేళ్లయినా నిలుస్తుంది. ఎక్కువ కాలం, బాగా నేర్చుకున్నవారికే ఎక్కువ మిగులుతుంది. కాబట్టి తాత మరిచిపోయింది తెలివి తక్కువై కాదు. పని పడ్డ మాటలు ఎక్కడికీ పోలేదు. పట్టా, రసీదు, దరఖాస్తు మా నోళ్లలో ఇంకా ఉన్నాయి.

కానీ ఈ మరుపుకు మేం మూల్యం చెల్లించాం. తాత పోయాక నాన్న ఆ పట్టాను పట్టణంలో ఒక ముసలి ఉర్దూ సారు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పది నిమిషాల్లో చదివి హద్దులు చెప్పాడు. వాగు దాకా మాదేనని అప్పుడు తెలిసింది. అప్పటికే వాగు పక్క చెలకను వేరేవాళ్లు దున్నుకుంటున్నారు.

1959 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం 1963లో తెలంగాణకు వర్తించింది. 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అంతకు ముందు భూమి ఎవరిదో చెప్పే నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. చట్టం మన పక్షాన ఉన్నా, కాగితం చదవలేకపోతే నోరు లేనట్టే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. సెలవుల తర్వాత పిల్లలు ఇంగ్లీషు మరిచి వస్తే తిట్టకండి. ముందు వాళ్ల మాటలో అర్థం చెప్పండి, తర్వాత ఆ భాషతో ఏదో ఒక పని చేయించండి. యువకులకు ఇంకో మాట. ఇంట్లో పెట్టె తెరవండి. ఉర్దూ కాగితం ఉంటే, చదివేవారు ఉండగానే చదివించి, తెలుగులో రాసి పెట్టుకోండి.