గోళకీ మఠము – శైవదీక్షా ప్రవేశము

మహాశివరాత్రినాడు మేడ్చల్, శామీర్‌పేట పరిసరములనుండి కీసరగుట్టకేగు భక్తజనము విభూతి ధరించి శ్రీ రామలింగేశ్వరుని సేవించును. అది భక్తి. కాని విభూతిధారణ మాత్రముచేత ఒకడు శైవ గురుపరంపరలోని వాడు కాజాలడు. కాకతీయుల కాలమున ఆ పరంపరకు ద్వారమొక్కటే. దానికి దీక్ష అని పేరు.

ఆనాడు తెలుగునేలపై ప్రతిష్ఠ గాంచినది గోళకీ మఠము. దాని మూలము డాహళ మండలమున, అనగా నేటి జబల్పూరు ప్రాంతమున కలదు. కలచురి ప్రభువు యువరాజదేవుడు సద్భావశంభువునకు మూడు లక్షల గ్రామములను భిక్షగా ఒసగెననియు, ఆచార్యుడు వానిని మఠవృత్తిగా అర్పించెననియు మల్కాపుర శాసనము చెప్పుచున్నది. సంఖ్యయందు శాసనకవి ఔదార్యము కొంత ఉండవచ్చును! ఆ పరంపరలోని సోమశంభువు దీక్షావిధులను పద్ధతిరూపమున గ్రంథస్థము చేసెను.

ప్రవేశార్థిని గురువు మొదట పరీక్షించును. పిదప కన్నులకు వస్త్రము కట్టి మండలము చెంతకు కొనిపోవును. శిష్యుడు విడిచిన పుష్పము పడిన చోటునుబట్టి అతనికి నూతననామము కలుగును. ఇది సమయదీక్ష. దీనిచే శివపూజకును శాస్త్రశ్రవణమునకును అధికారము లభించును. నిర్వాణదీక్షలో శిఖనుండి పాదాంగుష్ఠము వరకు పాశసూత్రమును వ్రేలాడదీసి, శిష్యుని బంధములను అందు భావించి, దానిని ఛేదించి అగ్నియందు హోమము చేయుదురు. ఇతరులకు దీక్ష నొసగు అధికారము ఆచార్యాభిషేకము పొందినవానికే కలదు.

దీక్షితులందరును ఏకగురుపుత్రులైనచో పూర్వజాతి మాట ఏమి? దీక్షితుని పూర్వజాతిని ఉచ్చరించుటయే దోషమని స్వచ్ఛందతంత్రము పలికినది. సిద్ధాంత పద్ధతులు మాత్రము చాలవరకు వర్ణభేదమును విడువలేదు. ఈ వైరుధ్యమును కప్పిపుచ్చుట తగదు.

గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువు గౌడదేశీయుడైన విశ్వేశ్వరశంభువు. గణపతిదేవుడు వాగ్దత్తము చేసిన మందడమును, దానితోపాటు వెలగపూడిని రుద్రమదేవి శక సంవత్సరము 1183, అనగా క్రీ.శ. 1261లో ఆయనకు ధారపోసెను. అచట ఆయన ఆలయము, మఠము, విద్యాలయము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పెను. ఋగ్యజుస్సామములకు ముగ్గురు అధ్యాపకులను నియమించెను. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరికిని అన్నము లేదనరాదని శాసించెను. దీక్షామండపమున అడుగడుగునా అధికారవిచారణ గలదు. సత్రద్వారమున అట్టిది లేదు.

నేడు వెలగపూడి అనగానే జనులకు సచివాలయము స్ఫురించును. ఆ దానమును తెలుపు శిలాశాసనము సమీపముననే, మల్కాపురమున కలదు.