టాపు బండికి వానాకాలం: గూడుబండి నుంచి ఓపెన్ కారు దాకా

టాపు తీసేసి కారులో తిరగడానికి హాయైన పెద్ద ఊరు ఏదని అడిగితే, మేము బెంగళూరు పేరే చెబుతాం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. మద్రాసు చెమట లేదు, కడప ఎండ లేదు. కానీ ఇదే ఊళ్ళో ఏడాదికి దాదాపు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో కుమ్మేస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అసలు వానలు, అందులోనూ సెప్టెంబరులో ఎక్కువ. అందుకే గుడ్డ టాపు బండి ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే బెంగ: నీళ్ళు లోపలికి రాకుండా ఎట్లా?

ఈ బెంగ కార్లకంటే పాతది. మన పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ వెళ్ళిన గూడుబండిని గుర్తు చేసుకోండి. వెదురు బద్దలను విల్లులా వంచి, వాటి మీద చాప కప్పేవాళ్ళు. వాన పడితే నీళ్ళు గూడు వంపు మీద జారి రెండు పక్కలా కిందికి పోయేవి. ఐరోపా గుర్రబ్బండ్లదీ ఇదే పద్ధతి. లాండో, ఫేటన్, కాబ్రియోలే అని కార్లకు వచ్చిన పేర్లన్నీ మొదట గుర్రబ్బండ్ల పేర్లే. నేటి కన్వర్టిబుల్ టాపు కింద కనిపించే ఇనుప కమ్మీలు మన వెదురు బద్దలకు దూరపు చుట్టాలు.

చాప పోయి గుడ్డ వచ్చాక కథ మారింది. 1823లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టి నీళ్ళు దిగని బట్టకు పేటెంటు తీసుకున్నాడు. ఆ రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి బిరుసెక్కేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి వేడిచేస్తే రబ్బరు నిలకడగా ఉంటుందని కనిపెట్టాడు. ఈనాటి మంచి కన్వర్టిబుల్ టాపులో కూడా పైన నేత గుడ్డ, మధ్యలో రబ్బరు, లోపల మరో గుడ్డ ఉంటాయి. దాదాపు 200 ఏళ్ళ కిందటి ఉపాయమే అది.

మన దేశంలో ఎక్కువమందికి తెలిసిన గుడ్డ టాపు జీపుదే. 1940ల చివర మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. 1990ల చివర బెంగళూరుకు చెందిన శాన్ మోటార్స్, గోవాలోని ఫ్యాక్టరీలో శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల ఓపెన్ కారు తయారుచేసింది. 2020లో వచ్చిన కొత్త థార్‌లోనూ మడిచే టాపు దొరికింది.

మా ఇంటికి వచ్చింది తాత జీపు. పలమనేరు, ముళబాగిలు, కోలారు దారిలో మామిడికాయల బేరానికి తిరిగిన బండి. టాపు చిరిగితే బెంగళూరు జె.సి. రోడ్డుకు తెచ్చి కుట్టించేవారు. "నీళ్ళకు దారి చూపించాలప్పా, అడ్డం కట్టి గెలవలేం" అనేవారు తాత. టాపు కుట్టేవాళ్ళు కూడా అదే లెక్కన పనిచేసేవాళ్ళు. పెంకుల కప్పులాగా పై ముక్క అంచు కింది ముక్క మీదికి వచ్చేట్టు మడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టేవాళ్ళు.

ఇప్పటి కార్లలో ఆ దారి కంటికి కనిపించదు. టాపు మీద పడిన నీళ్ళు అంచుల్లోని చిన్న కాలువల్లోకి, అక్కడి నుంచి సన్నటి గొట్టాల్లోకి పోయి చక్రాల వెనక కింద పడతాయి. తలుపుల అడుగున కూడా చిన్న రంధ్రాలుంటాయి. టాపు కొత్తదైనా సరే, ఇవి మూసుకుపోతే నీళ్ళు లోపలికే వస్తాయి. బెంగళూరులో ఇవి మూసుకుపోవడానికి కారణం మన చెట్లే. తొలి నెలల్లో టబెబుయా పూలు, ఏప్రిల్, మేలలో గుల్‌మొహర్ రేకులు, ఏడాది పొడుగునా చిన్న చిన్న ఆకులు. సరిగ్గా వానల ముందే కాలువలు నిండిపోతాయి.

మా ఇంట్లో ఉగాది దాటగానే చేసే పనులు ఇవి. గొట్టాల్లోకి మెత్తటి ప్లాస్టిక్ తీగ దూర్చి మెల్లగా శుభ్రం చేస్తాం. ఇనుప తీగ అయితే గొట్టం చీలిపోతుంది. రబ్బరు బీడింగులు తడిగుడ్డతో తుడిచి సిలికాన్ గ్రీజు రాస్తాం. డీజిలు, పెట్రోలియం జెల్లీ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. తలుపు అంచున కాగితం ముక్క పెట్టి మూసి లాగుతాం. సులువుగా ఊడివస్తే అక్కడ బీడింగు పట్టడం లేదన్నమాట. తర్వాత ఒకరు టార్చితో లోపల కూర్చుంటారు, ఇంకొకరు కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తారు. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తెలీదు. తడి టాపును మాత్రం ఎప్పుడూ మడవం, బూజు పడుతుంది.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, టాపు చిరిగితే మళ్ళీ కుట్టించుకోవచ్చు. కార్పెట్ కింద నిలిచిన నీళ్ళు మాత్రం చప్పుడు లేకుండా బండి అడుగును తినేస్తాయి. కొత్త కార్లలో అయితే సీటు కింది వైర్లు కూడా పోతాయి.

ఊరి సంగతీ ఇంతే. 1537లో కెంపేగౌడ నాటి నుంచి ఈ ఊరు చెరువుల మీద బతికింది. ఒక చెరువు నిండితే నీళ్ళు రాజకాలువ గుండా దిగువ చెరువుకు పోయేవి. ధర్మాంబుధి చెరువు బస్టాండయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమయింది, కాలువలు చాలాచోట్ల ఇరుకయ్యాయి. 2022 సెప్టెంబరు 4 రాత్రి సుమారు 130 మిల్లీమీటర్ల వాన పడితే యమలూరులో ఖరీదైన కార్లు మునిగాయి, జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళారు.

ఊరి కాలువలు మన ఒక్కరి చేతిలో లేవు. బండి కాలువలు ఉన్నాయి. తాత ఇచ్చిన బండిని మనవళ్ళకు అందించాలంటే, గుల్‌మొహర్ పూసే లోపు ఒక ఆదివారం దానికి కేటాయించండి.