నాంపల్లి నుండి బందరు రేవుకు: మరుగునపడిన హజ్ మార్గం

హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలకు సముద్రంతో సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు. తీరం అక్కడికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ పెట్టిన దుకాణం మూలంగా ఒకదానికి ఆ పేరు వచ్చింది. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని నేక్‌నాం ఖాన్ బిరుదు నుండి రెండవదాని పేరు పుట్టిందని చెబుతారు. నేక్‌నాం ఖాన్ గోల్కొండ పక్షాన కర్ణాటక తీరాన్ని పాలించినవాడు. పేర్లను తరచి చూస్తే మెట్టప్రాంతపు వీధిలో కూడ సముద్రపు గాలి తగులుతుంది.

ఈ రోజుల్లో కోస్తా పట్టణాల విహారయాత్రలకు ఆదరణ హెచ్చింది. రెండు మూడు రోజుల్లో నాలుగైదు ఊళ్ళు, సముద్రస్నానం, పాత కోట, చేపల పులుసుతో భోజనం, తిరుగు ప్రయాణం: యాత్రల పద్ధతి ఇది. ఇందులో తప్పేమీ లేదు. భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్య ఖుర్‌ఆన్ పలుచోట్ల మానవులను ప్రోత్సహించింది. అయితే చూడటమంటే కేవలం కంటితో చూడటం కాదు. గోల్కొండ రాజ్యానికి ఆయువుపట్టుగా ఉండిన ఆ తీరంలో ఏమి జరిగిందో తెలియకుండా తిరిగి వచ్చిన యాత్రికుడు ఇసుకను చూసినవాడే గాని రేవును చూసినవాడు కాడు.

అభయమిచ్చిన శాసనం

తెలుగు తీరంలో విదేశీ వర్తకం కుతుబ్ షాహీలతో మొదలు కాలేదు. క్రీస్తు శకం తొలి శతాబ్దాలలోనే గ్రీకు గ్రంథకర్తలు ఈ తీరాన్ని మసాలియా, మైసోలియా అని పేర్కొన్నారు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244–45లో గణపతిదేవ చక్రవర్తి అక్కడ వేయించిన అభయశాసనం ప్రసిద్ధమైనది. గాలివానకు దారి తప్పి, దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. ప్రాణం కన్న ధనమే ప్రియమని నమ్మి కడలి దాటే వర్తకులపై దయతో తాను న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ సుంకం ముప్పయింట ఒక వంతు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే ఊళ్ళో వర్తకులకు తిరిగి అభయమిచ్చాడు. పదమూడవ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో ఈ రేవునే ముత్ఫిలి అని పిలిచి, ఇక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను కొనియాడాడు.

ఓడ పగిలి ఒడ్డున పడిన పరదేశి తన సొత్తు తనదేనని చెప్పుకోగలగడం సామాన్య విషయం కాదు. వర్తకుడు ఏ మతానికి చెందినవాడైనా, న్యాయం దొరికే రేవునే వెదుక్కొంటాడు. కుతుబ్ షాహీల కాలంలో అటువంటి గుర్తింపు మచిలీపట్నానికి దక్కింది.

గోల్కొండకు వాకిలి

బందరు అనేది పారసీ పదం. రేవు అని దాని అర్థం. పర్షియా తీరాన బందర్ అబ్బాస్ వలెనే తెలుగు తీరాన మచిలీపట్నం రేవే పేరుగా గల ఊరయింది. సన్నని మస్లిన్ వస్త్రానికి ఈ ఊరి నుండే ఆ పేరు వచ్చిందని కొందరు వ్రాస్తుంటారు. అది పొరపాటు. ఆ పేరు ఇరాక్‌లోని మోసుల్ నగరం నుండి వచ్చింది. బందరుకు నిజంగా కీర్తి తెచ్చినది కలంకారీ అద్దకం. ఆ మాటలోని కలం, కార్ రెండూ పారసీలో వాడుకైన పదాలే. పారసీకుల అభిరుచికి తగిన పూలతీగలు, సైప్రస్ చెట్టు ఆకృతులు తెలుగు పనివారి చేతుల్లో అచ్చులకెక్కాయి. ఆ విద్య నేటికీ మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో బ్రతికి ఉంది.

ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించిన తరువాత రాజధానికీ రేవుకూ నడుమ రాకపోకలు మరింత పెరిగాయి. ఆ దారిలో నగరం దాటగానే వచ్చే మజిలీ హయాత్‌నగర్. ముహమ్మద్ ఖులీ కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన మసీదు, దాని చుట్టూ కట్టిన సరాయి గదులు, సమీపంలోని పెద్ద బావి నేటికీ నిలిచి ఉన్నాయి. బాటసారికి నీడ, పశువుకు నీరు, నమాజుకు చోటు ఒకే ఆవరణలో సమకూర్చిన ఏర్పాటు అది. నేడు విజయవాడ రహదారిన బస్సులో పోయేవారు కిటికీలోంచి కూడ దానిని గమనించరు. బందరు యాత్రకు మొదటి దర్శనీయ స్థలం నిజానికి అదే.

డచ్చివారు 1605–06లో మచిలీపట్నం, నిజాంపట్నం రేవులకు చేరారు. నిజాంపట్నాన్ని ఆనాటి యూరోపియనులు పెటపోలి అనేవారు. 1611లో గ్లోబ్ అనే ఓడపై ఆంగ్లేయులు వచ్చి మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పుకొన్నారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా వారికి ఇచ్చిన అనుమతిని వారు బంగారు ఫర్మానా అని చెప్పుకొన్నారు. 1669లో ఫ్రెంచివారు కూడ అక్కడ స్థానం సంపాదించారు. కాని ఈ కంపెనీలు రాకముందే రేవు నిండుగా ఉంది. ఇరానీ, అరబ్బు వర్తకులు, తెలుగు కోమట్లు, బలిజలు, ఆర్మీనియన్లు అక్కడ కలిసి వ్యాపారం చేసేవారు. ఇరాన్ నుండి వచ్చిన మీర్ ముహమ్మద్ సయ్యద్ అర్దిస్తానీ మచిలీపట్నం అధికారిగా పనిచేసి, సొంత ఓడలు నడిపి, చివరకు మీర్ జుమ్లాగా గోల్కొండ రాజ్యంలోనే ప్రముఖుడయ్యాడు.

ఒడ్డు లోతు తక్కువ కావడం వలన పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరి త్రాటితో కుట్టిన మసూలా పడవలపై మనుషులు, సరకులు ఒడ్డుకు చేరేవి. అలల తాకిడికి మేకుల పడవ పగిలితే, కుట్టిన పడవ వంగి తట్టుకొనేది.

సుల్తానుల తీరయాత్రలు

రేవు పట్టణాన్ని చూడటానికి వెళ్ళడం ఈనాటి వినోదం కాదు. 1639లో అబ్దుల్లా కుతుబ్ షా స్వయంగా మచిలీపట్నం వెళ్ళాడు. అతని కాలంలోనే నిజాముద్దీన్ అహ్మద్ రచించిన పారసీ చరిత్ర ‘హదీఖతుస్సలాతీన్’ ఆ యాత్రను వర్ణించింది. చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా కూడ 1670ల దశకంలో ఆ తీరానికి పోయాడు. ఆ దారిలో కూచిపూడి కళాకారుల ప్రదర్శన చూసి, మెచ్చి వారికి గ్రామం ఇచ్చాడని సంప్రదాయం.

1639 మరొక విధంగానూ గుర్తుంచుకోదగిన సంవత్సరం. సుల్తాను తన రేవు వైభవాన్ని చూసి వచ్చిన ఆ ఏడాదే ఆంగ్లేయులు దక్షిణాన మద్రాసులో కోట కట్టుకొనే హక్కు పొందారు. బందరు వర్తకాన్ని తరువాత హరించినది ఆ కోటయే.

హాజీల ఓడ

అయితే ముస్లిం పాఠకునికి ఈ రేవు గురించి అన్నిటికన్న ముఖ్యమైన విషయం హజ్. పదహారవ శతాబ్ది చివరి దశకాల నుండి మచిలీపట్నం ఓడలు ఎర్ర సముద్రానికి పోయేవి. మోఖా, జిద్దా రేవులకు వస్త్రాలతో పాటు హాజీలను, పవిత్ర నగరాలలోని పేదలకు గోల్కొండ సుల్తానులు పంపే దానధర్మాలను అవి చేరవేసేవి. తూర్పు తీరాన బయలుదేరిన ఓడ సింహళం చుట్టి, అరేబియా సముద్రం దాటి పోవలసి ఉండేది. సముద్రంలో పోర్చుగీసువారు తమ అనుమతి పత్రం లేని ఓడలను పట్టుకొనేవారు. అందువలన హజ్‌కు తుఫానుతో పాటు ఫిరంగుల భయం కూడ ఉండేది.

ఈ ప్రయాణంలో మరొక చిక్కు ఉంది. గాలి సూర్యమానాన్ని అనుసరిస్తుంది; హజ్ చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో ఓడ బయలుదేరాలి, నైరుతి గాలులతో తిరిగి రావాలి. కాని జిల్‌హజ్ మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొన్ని సంవత్సరాలలో ఓడ చేరిన వెంటనే హజ్ లభించేది. మరికొన్నింట నెలల తరబడి అక్కడ వేచి ఉండవలసి వచ్చేది. హజ్‌కు పోయేవారు అప్పులు తీర్చి, వీలునామా వ్రాసి, బంధువుల క్షమాపణ కోరి బయలుదేరడం కేవలం ఆచారం కాదని దీనివల్ల అర్థమవుతుంది.

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించాడు. నాంపల్లిలో సమాధులై ఉన్న హజ్రత్ యూసుఫ్ సాహెబ్, హజ్రత్ షరీఫ్ సాహెబ్ ఆ సైన్యంతో వచ్చినవారేనని సంప్రదాయ కథనం. మొగలుల హజ్ ఓడలు సూరతు నుండి పోయేవి. రాజధాని చూపు పడమటికి మళ్ళింది. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నుండి మచిలీపట్నం కోటను పట్టుకొన్నారు. 1766 ఒప్పందంతో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను వారికి వదులుకొన్నాడు. హైదరాబాదు రాజ్యానికి సముద్రం దూరమైంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నంలో సుమారు ముప్పయి వేలమందిని బలిగొన్నది. పదేళ్ళకు, 1874లో, వాడి నుండి సికిందరాబాదుకు రైలు వచ్చింది. అటుపై దక్కను హాజీ బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కాడు. 1907లో నాంపల్లి స్టేషను కట్టేనాటికే తూర్పు తీరపు హజ్ మార్గం వృద్ధుల జ్ఞాపకాలలోనైనా మిగలలేదు.

మాటల్లో మిగిలినది

బందరుకోటలో డచ్చివారి సమాధులపై చెక్కిన అక్షరాలను, కుటుంబ చిహ్నాలను యాత్రికులు నేటికీ చూస్తారు. హాజీ మాత్రం ఒడ్డున రాయి నాటలేదు. అతని గమ్యం వేరు. అతని జాడ భాషలో ఉంది. తెలుగు పల్లెకారులు నిత్యం పలికే లంగరు పారసీ పదం. సరంగు పారసీ సర్‌హంగ్ నుండి, కళాసీ అరబ్బీ ఖలాసీ నుండి వచ్చాయి. తుఫాను అనేది నూహ్ ప్రవక్త (అలైహిస్సలాం) కాలపు జలప్రళయానికి ఖుర్‌ఆన్ వాడిన పదమే. ఈ మాటలు పలికే తెలుగువారిలో అత్యధికులు ముస్లిములు కారు. ఒక రేవులో వివిధ మతాలవారు తరాల తరబడి ఒకే పడవను లాగితే తప్ప భాషలో ఇటువంటి కలయిక జరగదు. కోస్తా ముస్లిములను చరిత్ర లేనివారుగా చూసే హైదరాబాదీలు, ముస్లిములను ఈ తీరానికి పరాయివారుగా చూసే ఇతరులు ఇద్దరూ ఆలోచించవలసిన విషయమిది.

తీరపు భోజనం గురించి కూడ ఒక మాట అవసరం. చందువ, వంజరం, పండుగప్ప వంటి చేపల విషయంలో ఏ మజ్‌హబ్‌లోనూ అభ్యంతరం లేదు. వాటికి జబహ్ కూడ అక్కరలేదు. సముద్రజీవులలో చేప మాత్రమే ధర్మసమ్మతమని హనఫీలు, తక్కినవి కూడ స్థూలంగా సమ్మతమేనని షాఫయీలు భావిస్తారు. అందుచేత హనఫీల దృష్టిలో పీత తినరాదు. రొయ్య చేపయా కాదా అన్న అంశంపై హిందూస్తానపు హనఫీ పండితులలోనే భేదాభిప్రాయం ఉంది. దానిని తినేవారు, మానేవారు ఒకే విస్తరి పక్కన కూర్చొని ఒకరినొకరు నిందించుకోకుండా ఉండటమే మర్యాద.

నేడు నాంపల్లిలో, పబ్లిక్ గార్డెన్స్‌కు చేరువలో హజ్ హౌస్ ఉంది. తెలంగాణ హాజీలు అక్కడి నుండే వీడ్కోలు తీసుకొని విమానాశ్రయానికి పోతారు. మక్కాలో నిజాములు నెలకొల్పిన రుబాత్‌లో ఉచిత బస పూర్వపు హైదరాబాదు రాజ్య ప్రాంతాలవారికే లభిస్తుంది. ఒకప్పుడు గోల్కొండ దానధర్మాలు ఏ తీరం నుండి మక్కాకు ఓడలెక్కాయో ఆ తీరపువారు 1766 నాటి ఒప్పందం మూలంగా ఆ హద్దుకు వెలుపల పడ్డారు. చరిత్రలో ఒక సంతకం ఎంత దూరం పనిచేస్తుందో ఇది ఒక ఉదాహరణ.

2023లో కృష్ణా జిల్లా గన్నవరం నుండి ఆంధ్రప్రదేశ్ హాజీల విమానాలు బయలుదేరాయి. ఆ ఏడాదే మచిలీపట్నంలో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. గన్నవరంలో ఇహ్రామ్ దుస్తులతో విమానమెక్కిన హాజీకి, అదే జిల్లా తీరాన తన పూర్వికులు త్రాటితో కుట్టిన పడవలో కూర్చొని, దూరాన లంగరు వేసిన ఓడ వైపు సాగి ఇదే లబ్బైక్ పలుకులు పలికే చోటికి బయలుదేరారని తెలియకపోవచ్చు. తీరానికి యాత్రికులను తీసుకుపోయేవారు చేపల పులుసుతో పాటు ఆ సంగతి కూడ చెప్పగలిగితే ఆ ప్రయాణం సార్థకమవుతుంది.