ప్రహ్లాద బడి నుంచి మన బడి దాకా

ఆళ్లగడ్డ దాటి ఎగువ అహోబిలం కొండలెక్కితే నల్లమలలో ప్రహ్లాద బడి ఉంది. అక్కడి బండల మీది గీతలు ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలని భక్తుల నమ్మకం. పసిమనసు గురించి ఈ ప్రాంతం తరతరాలుగా చెప్పుకుంటున్న కథ అది. గురువులైన చండామార్కులు బెదిరిస్తారు, కన్నతండ్రే చంపజూస్తాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కూడా చల్లారని నరసింహుడి దగ్గరికి లక్ష్మీదేవి సైతం వెళ్లలేకపోతే పిల్లవాడు వెళ్తాడు. స్వామి అతని తల మీద చెయ్యి పెడతాడు. ఆ తర్వాతే వాడి నోట స్తుతి వస్తుంది. భాగవతంలోని ఈ వరుస నాకెంతో ముఖ్యమనిపిస్తుంది: ముందు ఊరట, తర్వాత మాట. పెద్దల ఆగ్రహాన్ని చల్లార్చే బరువు మాత్రం ఏ బిడ్డ మీదా పడకూడదు.

మన ఇళ్లలో ఊరట ఉండేది. జడుసుకున్న బిడ్డకు అవ్వ దిష్టి తీసి, పక్కలో పడుకోబెట్టుకునేది. కానీ ఏం చూసి భయపడ్డావని అడిగి, చెప్పేదాకా వినే ఓపిక అరుదు. మగపిల్లవాడికైతే ఏడుపే నిషేధం. ముఠా కక్షలు రగిలిన దశాబ్దాల్లో కొన్ని పల్లెల పిల్లలకు పెద్దల పగ కూడా వారసత్వమైంది. అక్కడ కోపం పౌరుషం, భయం పరువుతక్కువ. బడికి వెళ్తే బెత్తం, గోడకుర్చీ, కోదండం.

పిల్లలకు గొంతునిచ్చే ప్రయత్నం బడి బయట కనిపించింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. రేడియోలో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ ఆ దంపతుల పక్కన పిల్లలే పాడారు, మాట్లాడారు. ఇక బడి లోపల, 1984లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించమంది. చిన్న సూత్రమే, కానీ తన బొమ్మ గోడకెక్కిన పిల్లవాడికి అదెంత ధైర్యమో!

రాష్ట్రంలో బడి దండనను 2002లో నిషేధించారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం మానసిక వేధింపును కూడా నేరుగా ప్రస్తావించి నిషేధించింది. దెబ్బ కనబడకపోయినా గాయం ఉంటుందని చట్టం ఒప్పుకున్న ఘట్టమది.

ఉద్వేగాలతో నెగ్గుకురావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే జీవన నైపుణ్యాల్లో చేర్చింది. మన దేశంలో 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ, వారానికో గంట. మన నంద్యాల జిల్లా ఏర్పడిన 2022లోనే మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు.

కోపమొచ్చిన పిల్లవాడు ‘నాకు కోపంగా ఉంది సార్’ అని చెప్పి, కాసేపు పక్కన కూర్చుని, తనంతట తానే తిరిగి ఆటలోకి రావడం ఒక్కరోజులో అబ్బదు. పదేపదే జరిగితేనే నా కోపం నా చేతిలో ఉందన్న నమ్మకం వాడికి కుదురుతుంది. అందుకే పాఠశాల ఆరోగ్య కార్యక్రమానికి కేటాయించిన ఆ వారానికో గంటను లెక్కల సిలబస్‌కు వదిలేయొద్దని ఆళ్లగడ్డ, నంద్యాల బడుల పెద్దలను వేడుకుంటున్నాను.