హెల్తీ ఫుడ్ యాప్ పెట్టే ముందు కస్టమర్‌ను ఏం అడగాలి?

బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తి దించే కూలీకి, బజారులో బట్టల కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చునే వ్యాపారికి ఒకే తిండి సరిపోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగమనిషి కూర్చుని పనిచేస్తే రోజుకు 2,110 కిలో కేలరీలు చాలు. బరువు పని చేస్తే 3,470 కావాలి. 55 కిలోల ఆడవాళ్లకు ఇవే లెక్కలు 1,660, 2,720. చేసే పని ఏమిటో అడగకుండా అందరికీ బరువు తగ్గే ప్లాన్ ఇచ్చే యాప్ ఆ కూలీకి ఎందుకూ పనికిరాదు. అందుకే యాప్ తయారు చేయడానికి ముందే కస్టమర్ రీసెర్చ్ చేయాలంటారు.

ఈ వ్యాపారం చాలాసార్లు సొంత అవసరంలోంచే పుట్టింది. అమెరికాలో మైక్ లీ పెళ్లికి ముందు బరువు తగ్గాలనుకుని, తిన్నది రాసుకోవడానికి సరైన సాధనం దొరక్క 2005లో మైఫిట్‌నెస్‌పాల్ మొదలుపెట్టాడు. 2015లో అండర్ ఆర్మర్ కంపెనీ దాన్ని 47.5 కోట్ల డాలర్లకు కొన్నది. మన దేశంలో తుషార్ వశిష్ట్, మాథ్యూ చెరియన్ అనే ఇద్దరు యువకులు 2011లో రోజుకు వంద రూపాయలతో, తర్వాత ఇంకా తక్కువతో బతికి చూశారు. తిన్న ప్రతిదాని పోషకాలు లెక్క రాసుకున్నారు. ఆ మరుసటి ఏడాది బెంగళూరులో హెల్తీఫైమీ వచ్చింది. అయితే ఒకరి అవసరం అందరి అవసరం కాదు, అది తేలాలంటే జనాన్ని కలవాల్సిందే.

"వాడతారా?" అని అడగొద్దు

"మంచి తిండి గురించి యాప్ వస్తే వాడతారా?" అని అడిగితే ఎవరైనా "తప్పకుండా" అనే అంటారు. అది మర్యాద, దాన్ని నమ్మి అప్పు చేస్తే మునిగిపోతారు. జరిగిపోయినదాని గురించి అడగాలి. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే వరకు ఏమేం తిన్నారు? ఎవరు వండారు? సరుకులు ఎవరు తెచ్చారు? షుగర్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? డాక్టర్ మానేయమన్నది ఏది, మానలేకపోయింది ఏది? ఇంతకుముందు ఏదైనా యాప్ వేసుకుని తీసేశారా, ఎందుకు? పోషకాహార సర్వేల్లో వాడే '24 గంటల రీకాల్' పద్ధతి కూడా దాదాపు ఇదే.

ఎంతమందిని అడగాలి అన్నదానికి ఆబీ గ్రిఫిన్, జాన్ హౌసర్ 1993లో ఒక అంచనా ఇచ్చారు: ఒకే రకం కస్టమర్లలో 20 నుంచి 30 మందితో విడివిడిగా మాట్లాడితే వాళ్ల అవసరాల్లో 90 శాతానికి పైగా బయటపడతాయి. కూలీలు, వ్యాపారులు, ఇంట్లో వండే ఆడవాళ్లు ఒకే రకం కాదు కాబట్టి ఒక్కో గుంపును వేరుగా చూడాలి.

ఫోన్ ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్లు 21 శాతమే. ఇప్పుడు పెరిగే ఉంటారు. కానీ వండేది అమ్మ, యాప్ ఉన్నది కొడుకు ఫోన్‌లో అయితే ఆ యాప్ సలహా వంటింటి దాకా చేరదు. ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడవాళ్లే వెళ్తే మంచిది, జవాబులు నిజంగా వస్తాయి.

బుడ్డలంటే యాప్‌కు తెలుసా?

కర్నూలు వైపు వేరుశనగను బుడ్డలంటారు, కడప వైపు చెనక్కాయలు, తెలంగాణలో పల్లీలు. ఉగ్గానికి వాడే బొరుగులు కోస్తాలో మరమరాలు. యాప్‌లో బుడ్డలు కొడితే ఏమీ రాకపోతే వాడేవాడు రెండో రోజే తీసేస్తాడు. కొలత ఇంకో చిక్కు. ఇక్కడ ఎవరూ గ్రాముల్లో తినరు. ముద్ద, గరిటె, గిన్నె, రొట్టె అంటారు. సంగటి ముద్ద ఒక ఇంట్లో ఉన్నంత ఇంకో ఇంట్లో ఉండదు. పది ఇళ్లకు తక్కెడ పట్టుకెళ్లి తూచి చూడటమే దీనికి దారి. దాల్చాలో, బగారా అన్నంలో ఒక్కో మనిషి వంతు నూనె ఎంతో కూడా ఇలాగే తేలాలి: నెలకు ఎన్ని ప్యాకెట్లు, తినేవాళ్లు ఎంతమంది అని అడిగితే చాలు.

పోషకాల లెక్కలకు ఎన్ఐఎన్ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలున్నాయి, 528 రకాల పదార్థాలతో. వాటి ప్రకారం వంద గ్రాముల రాగుల్లో సుమారు 320 కిలో కేలరీలు, బియ్యంలో 356. పెద్ద తేడా లేదు, అసలు తేడా కాల్షియంలో, పీచులో ఉంది. సంగటి ఎంత తిన్నా లావెక్కరు అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

రమజాన్ వస్తే

చాలా యాప్‌లు రోజును టిఫిన్, లంచ్, డిన్నర్‌గా కోస్తాయి. ఉపవాసి ఫోన్‌కు మధ్యాహ్నం "మీరు భోజనం మరిచారు" అని మెసేజ్ వస్తే చిరాకే. ప్రమాదం వేరే చోట ఉంది. 2001లో 13 దేశాల్లో జరిగిన ఎపిడయార్ సర్వేలో టైప్-2 షుగర్ ఉన్న ముస్లింలలో దాదాపు 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నట్టు తేలింది. అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్, డార్ కూటమి 2021 మార్గదర్శకాలు రమజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందే డాక్టర్‌ను కలవమంటున్నాయి. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని చెబుతున్నాయి. కాబట్టి ఇంటర్వ్యూలో "పోయిన రమజాన్‌లో మాత్రలు ఎప్పుడు వేసుకున్నారు, ఎవరు చెప్పారు?" అన్నది తప్పక ఉండాలి. మందు వేళలు మార్చడం యాప్ పని కాదు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో గుర్తు చేయడం దాని పని.

షుగర్ రిపోర్టు లాంటివి తీసుకునేటప్పుడు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం స్పష్టమైన అనుమతి అవసరం. 2018లో మైఫిట్‌నెస్‌పాల్ నుంచే 15 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పోయాయి.

ఇక ధర. "నెలకు ఎంత ఇస్తారు?" అన్న ప్రశ్నకు వచ్చే అంకె గాలి మాటే. యాప్ లేకుండానే ఇరవై కుటుంబాలకు వాట్సాప్‌లో వారం వారం తిండి ప్లాన్ పంపి, మొదటి రోజు నుంచే చిన్న మొత్తం తీసుకోవచ్చు. రెండో వారం, నాలుగో వారం డబ్బు మళ్లీ కట్టింది ఎవరో, మానేసింది ఎవరో రాసుకోవాలి. మానేసినవాళ్ల ఇంటికి ముందు వెళ్లాలి.