మారిన గ్రాహకానికి తొలి మందు ఎక్కడ వేయాలి?

కేంద్రక గ్రాహకాలు కణంలోని ప్రోటీన్లు. హార్మోనో, విటమిన్-ఎ నుంచి పుట్టిన రెటినోయిక్ ఆమ్లమో వచ్చి అంటుకుంటే ఇవి డీఎన్ఏ మీద జన్యువుల పనిని నడుపుతాయి. ఇవి వికటించి తెచ్చే క్యాన్సర్లలో వైద్యం అన్నిటికన్నా బాగా గెలిచింది అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా మీద. ఇందులో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై, రెటినోయిక్ ఆమ్ల గ్రాహకం పీఎంఎల్ అనే ప్రోటీన్‌తో కలిసిపోతుంది. ఈ జంట ప్రోటీన్ ఒంట్లో మామూలుగా ఉండే రెటినోయిక్ ఆమ్లానికి లొంగదు. జన్యువులను అణిచే సహనిరోధకాలను పట్టుకొని వదలదు. దాంతో తెల్లకణాలు ప్రోమైలోసైట్ దశలోనే ఆగిపోతాయి.

అదే ఆమ్లాన్ని మందు మోతాదులో, ఆట్రా క్యాప్సూళ్లుగా ఇస్తే ఆ పట్టు సడలి కణాలు ఎదుగుతాయి. షాంఘై వైద్యులు 24 మంది రోగుల్లో ఈ ఫలితాన్ని చూసి 1988లో ప్రచురించారు. ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, అంటే పాత కథల్లో విషప్రయోగాలకు వాడిన పాషాణమే, పీఎంఎల్ భాగానికి అంటుకొని జంట ప్రోటీన్‌ను కణం చేతనే ధ్వంసం చేయిస్తుంది. వెల్లూరు సీఎంసీ వైద్యులు 72 మందికి దీన్నొక్కదాన్నే ఆధారంగా చేసుకొని చికిత్స చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్ల మనుగడ దాదాపు 86 శాతం. ఖరీదైన చికిత్సకు నోచుకోని దేశానికి ఇది చిన్న విషయం కాదు.

ఈ వైద్యం రోగికి ఎక్కడ అందాలన్నది మరో ప్రశ్న. ఒడిశాలో చిలక సరస్సు దక్షిణపు కొసన ఉన్న రంభనే తీసుకోండి: గంజాం జిల్లాలో, హౌరా–చెన్నై రైలు మార్గం మీది ఊరు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ జిల్లాలో పెద్ద జబ్బు చేస్తే విశాఖకో వెల్లూరుకో చూపు మళ్లడం సహజమే. ఈ ల్యుకేమియాలో మాత్రం ఆ ప్రయాణమే ప్రమాదం. రక్తం గడ్డకట్టే వ్యవస్థ చెడి, తొలి రోజుల్లోనే మెదడులో రక్తస్రావంతో ప్రాణం పోవచ్చు. అందుకే రక్తపు స్మియర్ చూసి అనుమానం కలిగిన గంటల్లోనే, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆట్రా మొదలుపెట్టాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఆ క్యాప్సూల్ ఉండవలసిన చోటు వెల్లూరు కాదు, బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి వంటి తొలి మజిలీ అని నా వాదన.

పరీక్ష ఫలితం కోసం ఆగని ఈ సూత్రం అన్ని గ్రాహకాలకూ పనికిరాదు. అరోమటేజ్ నిరోధకాలు చాలాకాలం వాడిన రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజన్ గ్రాహకం 537, 538 స్థానాల్లో మారి, హార్మోన్ లేకున్నా పనిచేస్తుంది. 2023లో అమెరికా అనుమతించిన ఎలాసెస్ట్రాంట్ ఈ మార్పు రక్తపరీక్షలో తేలినవారికే. అక్కడ ఫలితం కోసం ఆగడమే వైద్యం. ప్రోస్టేట్ క్యాన్సర్‌లోని ఏఆర్-వీ7 రకం ఇంకా మొండిది: మందు అంటుకునే భాగమే అందులో ఉండదు.

ల్యుకేమియా రోగికి మాత్రం బరంపురంలోనే ఆట్రాతో పాటు ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఎక్కించాలి. ఆయాసం, జ్వరం, వాపు కనిపిస్తే డెక్సామెథసోన్ వెంటనే ఇవ్వాలి. జన్యు పరీక్షకు నమూనాను ముందే పంపవచ్చు. రోగి రైలెక్కేది రక్తస్రావం అదుపులోకి వచ్చాకే.